తీగకు హద్దెక్కడ?



ఈ పూట మనం ఒక తీగ గురించి చెప్పుకుందాం. బట్టలారేసుకునే తీగ కాదు, దొండపాదు పాకించుకునే తీగా కాదు. వీధిలో స్తంభం మీదినుంచి దిగి, కిటికీ పక్కన చిన్న కన్నంలోంచి ఇంట్లోకి దూరి, టీవీ వెనక మిణుకు మిణుకుమనే పెట్టెలో చేరుతుందే, ఆ సన్నని నల్ల తీగ. "అదేదో ఇంటర్నెట్టుది, మావారు పెట్టించారు, పిల్లలు వాడుకుంటారు" అని మనం దాన్ని అంతటితో వదిలేస్తాం. నెలకోసారి బిల్లు కట్టేటప్పుడు తలుచుకుంటాం. అది ఆగిపోయిన రోజున మాత్రం ఇల్లంతా గగ్గోలే!

ఈ మధ్య ఆ తీగ గురించి రెండు రకాల మాటలు వినపడుతున్నాయి. కంపెనీ కుర్రాడు వచ్చి "యాభై మెగాబిట్లు ఏం చాలుతాయమ్మా, మూడు వందలది తీసుకోండి" అంటాడు. పక్కింటి పెద్దాయనేమో "ఇంక తీగల కాలం అయిపోయిందమ్మా, అంతా గాలిలోనే! తీగలో పట్టేదెంతో అంతా పట్టేసింది" అని కొట్టిపారేస్తారు. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలి? అసలు తీగకు హద్దంటూ వుందా? వుంటే ఎక్కడ వుంది? ఇది ఇంజనీర్లు తేల్చుకోవలసిన విషయం, మనకెందుకు అనుకోవద్దు. నెల ఖర్చు మనది, చదువుకునే పిల్లలు మనవాళ్ళు.

ముందు వేగం అంటే ఏమిటో తెలుసుకుందాం. మా నూజివీడు ప్రాంతం వాళ్ళకు మామిడికాయ లేకుండా ఏ ఉదాహరణా తోచదు, ఏమీ అనుకోకండి. ఏప్రిల్, మే నెలల్లో తోటల నుంచి బంగినపల్లి, రసాలు లారీలకెత్తి విజయవాడ వైపు పంపుతారు. రోడ్డు మీద ఒక్క వరస లారీలే పడితే గంటకు ఇన్ని అని లెక్క. రోడ్డును నాలుగు వరసలు చేశారనుకోండి. ఏ ఒక్క లారీ ముందుకన్న తొందరగా పరుగెత్తలేదు, కాని గంటలో చేరే కాయ నాలుగింతలయింది. ఇంటర్నెట్టులో "వేగం" అని మనం అనేది ఈ రెండోదే. సెకనుకు ఎన్ని అక్షరాలు చేరాయన్నదే ఆ లెక్క, ఒక అక్షరం ఎంత జోరుగా పరుగెత్తిందని కాదు.

ఆ లెక్కకు కొలత బిట్టు. వుందా, లేదా, వెలుగా, చీకటా, ఒకటా, సున్నాయా - ఇంత చిన్న కబురు ఒక బిట్టు. పది లక్షల బిట్లు ఒక మెగాబిట్, వంద కోట్ల బిట్లు ఒక గిగాబిట్. ఇక్కడ మనం మోసపోయే చోటు ఒకటుంది. తీగ వేగాన్ని బిట్లలో చెపుతారు, సినిమా బరువును బైట్లలో చెపుతారు. ఎనిమిది బిట్లయితే ఒక బైటు. కాబట్టి రెండు గిగాబైట్ల సినిమా అంటే పదహారు గిగాబిట్లు. 15 మెగాబిట్ల తీగ మీద అది దిగడానికి సుమారు 18 నిమిషాలు పడుతుంది. 100 మెగాబిట్లయితే రెండు నిమిషాల నలభై సెకన్లు. వెనకటి టెలిఫోను మోడెం మీదయితే మూడు రోజులు దాటి మరో ఏడు గంటలు!

ఇక హద్దుల కథకు వద్దాం. తీగ పుట్టిన నాటినుంచి "ఇంతే, ఇంతకు మించి రాదు" అన్న మాటా దాని వెంట నడుస్తూనే వుంది.

1858లో ఐర్లండుకూ ఉత్తర అమెరికాలోని న్యూఫౌండ్లాండుకూ మధ్య అట్లాంటిక్ సముద్రం అడుగున మొదటి టెలిగ్రాఫ్ తీగ వేశారు. విక్టోరియా రాణి అమెరికా అధ్యక్షుడికి శుభాకాంక్షలు పంపింది. అందులో వున్నవి 98 మాటలు. అవి ఆ ఒడ్డుకు చేరడానికి 16 గంటలు పట్టింది! కబురు స్పష్టంగా రావడం లేదని ఒకాయన తీగలోకి మరీ ఎక్కువ విద్యుత్తు తోశాడు. వేసిన కొద్ది వారాలకే ఆ తీగ కాస్తా చచ్చి ఊరుకుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దీనితో పని పడుతుంది. బలం ఎక్కువ పెట్టినంత మాత్రాన కబురు ఎక్కువ పోదు.

మరి ఎంత పోతుంది? దీనికి కచ్చితమైన లెక్క కట్టినవాడు క్లాడ్ షానన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు. 1948లో ఆయన ప్రకటించిన సూత్రాన్ని మన పెళ్ళిళ్ళ భాషలో చెప్పుకోవచ్చు. పెళ్ళివారింట్లో మేళం మోగుతూ వుంది. ఆ మూల వున్న వదినగారికి మీరొక కబురు చెప్పాలి. గొంతు పెంచాలి, లేదా మేళం తగ్గాలి, అదీ కాకపోతే మాట మాటకూ మధ్య ఆగి నిదానంగా చెప్పాలి. తీగకూ అంతే. గొంతు బలం ఎంత, చుట్టూ రొద ఎంత, వాడుకోవడానికి ఎంత వెడల్పు స్వరస్థాయి వుంది - ఈ మూడూ తెలిస్తే ఆ తీగలో సెకనుకు ఎన్ని బిట్లు తప్పులేకుండా పోతాయో చెప్పేయవచ్చు. దానికి మించి ఎవరూ పంపలేరు. ఇది ప్రకృతి పెట్టిన హద్దు.

ఐతే ఈ హద్దును మన వాళ్ళు పదే పదే తప్పుచోట గీశారు. అదే తమాషా. మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ మొదలయింది 1995 ఆగస్టు 15న, విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా. టెలిఫోను తీగ మీదే కీచుమంటూ మోడెం పలికేది. సెకనుకు 9,600 బిట్లు వస్తే అదే గొప్ప. టెలిఫోను తీగలో మనిషి గొంతుకు సరిపడా స్వరస్థాయిని మాత్రమే, అంటే 300 నుంచి 3,400 కంపనాల దాకా మాత్రమే ఎక్స్చేంజీ లోపలికి రానిస్తుంది. షానన్ సూత్రం ప్రకారం లెక్క వేస్తే ముప్ఫై అయిదు వేల బిట్ల దగ్గర గోడ కనిపించింది. రాగితీగ పని అయిపోయిందన్నారు.

తీరా చూస్తే ఆ గోడ రాగిది కాదు, ఎక్స్చేంజీలో పెట్టిన జల్లెడది! ఆ జల్లెడ తీసి పక్కన పెట్టి, పై స్వరాలను కూడా వాడుకోవడం మొదలుపెట్టగానే అదే పాత రాగితీగ లక్షల బిట్లు మోసింది. దాన్నే మనం బ్రాడ్‌బాండ్ అన్నాం. 2004లో మన ప్రభుత్వం బ్రాడ్‌బాండ్ అంటే కనీసం 256 కిలోబిట్లు అని నిర్వచించింది. 2023కు వచ్చేసరికి ఆ కనీసాన్ని 2 మెగాబిట్లకు, అంటే దాదాపు ఎనిమిదింతలకు పెంచవలసి వచ్చింది.

ఇంట్లోనూ ఆఫీసుల్లోనూ కంప్యూటర్లను కలిపే తీగ కథా ఇలాంటిదే. దాని పేరు ఈథర్నెట్. 1973లో అమెరికాలో రాబర్ట్ మెట్కాఫ్ అనే ఆయన, ఆయన తోటివారు కనిపెట్టారు. మొదట అది మూడు మెగాబిట్లు కూడా మోసేది కాదు. 1980 దశకంలో 10 అయింది, 1995లో 100 అయింది, 1999లో అదే రాగితీగ మీద 1,000 అయింది. 2006లో 10,000. ఇప్పుడు గాజు తీగల మీద 2024లో వచ్చిన ప్రమాణం ప్రకారం ఎనిమిది లక్షల మెగాబిట్లు.

రాగి అంత దూరం ఎలా వచ్చిందో తెలుసునా? జడ అల్లి! ఆ తీగ తొడుగు విప్పి చూస్తే లోపల ఎనిమిది సన్నని తీగలుంటాయి. రెండు రెండు చొప్పున నాలుగు జతలు, ఒక్కొక్క జతా మెలితిప్పి వుంటుంది. విడివిడిగా వదిలేస్తే పక్క తీగ మాటలు దీనిలోకి చొరబడతాయి. మెలిపెడితే, చొరబడిన రొద ఒక మెలికలో ఇటూ మరో మెలికలో అటూ పడి దానికదే చెల్లిపోతుంది. ఈ ఉపాయానికి 1881లోనే టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్ పేటెంటు తీసుకున్నాడు. ఇంత చేసినా రాగి తీగకు వంద మీటర్ల దాకానే ఆ ఓపిక. దూరం పోయే కొద్దీ బలం వేడిగా ఖర్చయిపోతుంది.

ఆ మెట్కాఫ్ గారి గురించి ఒక సరదా సంగతి చెప్పకుండా వుండలేను. తీగల వలను కనిపెట్టిన ఆయనే 1995లో ఒక పత్రికలో, రద్దీ తట్టుకోలేక 1996లో ఇంటర్నెట్ కుప్పకూలుతుందని రాశాడు. కూలకపోతే రాసింది తినేస్తానన్నాడు. 1996 వచ్చింది, పోయింది. ఇంటర్నెట్ నిక్షేపంలా వుంది. 1997లో నిండు సభలో ఆయన తన వ్యాసం కాగితాన్ని నీళ్ళతో మిక్సీలో వేసి, చెంచాతో తిన్నాడు. కనిపెట్టినవాడే హద్దు తెలియక పొరబడ్డాడంటే, మన పక్కింటి పెద్దాయన మాట ఏమనుకోవాలి?

ఇప్పుడు మన కిటికీలోంచి వచ్చే నల్ల తీగ లోపలికి వెళదాం. పైన నలుపు తొడుగే గాని లోపల వున్నది రాగి కాదు, గాజు. మన తలవెంట్రుకకన్న కాస్త లావు. ఆ గాజు నడిమధ్య, వెంట్రుకలో పదోవంతు మందాన, వెలుగు నడిచే దారి వుంటుంది. గాజు వంగితే వెలుగు బయటికి పోదా అని సందేహం వస్తుంది కదా! ఇంట్లోనే చిన్న పరీక్ష చేసి చూడండి. ఖాళీ ప్లాస్టిక్ సీసాకు కింది భాగాన ఒక చిన్న చిల్లు పెట్టి, నీళ్ళు నింపి, గదిలో లైట్లు ఆర్పండి. చిల్లుకు ఎదురువైపు నుంచి టార్చిలైటు వేస్తే, కిందికి వంగి పడుతున్న నీటిధార వెంటే వెలుగూ వంగి వస్తుంది. ధార కింద చెయ్యి పెడితే అరచేతిలో వెలుగు చుక్క మెరుస్తుంది. నీటి అంచుకు ఏటవాలుగా తగిలిన వెలుగు అద్దానికి తగిలినట్టు లోపలికే తిరిగిపోతుంది. గాజు తీగలోనూ జరిగేది అదే.

ఇందులో మన దేశస్థుడి చెయ్యి వుందని చెప్పుకోవడానికి నాకు సంతోషంగా వుంది. పంజాబులోని మోగాలో 1926లో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ, ఇంగ్లండులో చదువుకుంటూ 1954లో గాజు పోగుల కట్ట ద్వారా బొమ్మలను ఆ చివరికి పంపి చూపించారు. ఐతే ఆనాటి గాజులో మలినాలెక్కువ. వెలుగు కొద్ది మీటర్లలోనే ఇంకిపోయేది. దూరపు కబుర్లకు గాజు పనికిరాదన్నారు. మళ్ళీ హద్దే! 1966లో చార్లెస్ కావ్ అనే చైనా సంతతి శాస్త్రజ్ఞుడు, తప్పు గాజుది కాదు, అందులోని మలినాలది అని తేల్చి చెప్పారు. కిలోమీటరు పోయాక వందలో ఒక్క పాలు వెలుగు మిగిలినా చాలు, పని జరుగుతుందన్నారు. 1970లో అమెరికాలోని కార్నింగ్ కంపెనీ అంతకన్న మంచి గాజు చేసింది. కావ్‌కు 2009లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పటి గాజులో కిలోమీటరుకు నూటికి నాలుగున్నర పాళ్ళు వెలుగు మాత్రమే పోతుంది. నూజివీడులో వెలిగించిన దీపం వెలుతురు, అతుకుల సంగతి అలా ఉంచితే, నలభై అయిదు కిలోమీటర్లు నడిచి విజయవాడ చేరేటప్పటికి ఇంకా ఎనిమిదో వంతు మిగిలే వుంటుందన్నమాట. మధ్యలో ఎక్కడా నూనె పోయనక్కరలేదు!

అంతే కాదు, ఒకే గాజులో ఎన్నో రంగుల వెలుగులు ఒకేసారి పంపవచ్చు. ఇంద్రధనుస్సులో రంగులు ఒకదాన్ని ఒకటి చెరుపుకోవు కదా! ఎర్ర వెలుగు ఒక కబురు, దాని పక్కది మరో కబురు, అలా పదుల కొద్దీ, వందల కొద్దీ. నిజానికి ఈ వెలుగులు మన కంటికి కనపడవు, ఎరుపుకు అవతల వుంటాయి. ఆ చివర విడదీసుకుంటారు. 2024లో జపాను ప్రభుత్వ పరిశోధన సంస్థ వారు 50 కిలోమీటర్ల మామూలు గాజు పోగులో సెకనుకు 402 టెరాబిట్లు పంపి చూపారు. టెరాబిట్ అంటే లక్ష కోట్ల బిట్లు. లెక్క కట్టండి: ఒక మంచి సినిమా చూడడానికి 5 మెగాబిట్లు చాలుననుకుంటే, ఆ ఒక్క పోగులో ఎనిమిది కోట్ల మంది ఎవరి సినిమా వారు చూసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్ జనాభా మొత్తం చూసినా ఇంకా చోటు మిగులుతుంది.

మరి దీనికీ హద్దు లేదా? వుంది. ఇక్కడే 1858 నాటి తీగ మళ్ళీ గుర్తుకు రావాలి. ఎక్కువ కబుర్లు పంపడానికి వెలుగు బలం పెంచుకుంటూ పోతే, ఒక స్థాయి దాటాక ఆ వెలుగు ధాటికి గాజు గుణమే కొద్దిగా మారిపోతుంది. రంగులు ఒకదానిలోకి ఒకటి ఒలికిపోవడం మొదలవుతుంది. పెళ్ళింట్లో ఒకరిని మించి ఒకరు గొంతు పెంచితే చివరికి ఎవరి మాటా వినపడనట్టే. ఇది ప్రయోగశాలలో కంటికి కనిపిస్తున్న హద్దు. దీనికి పరిశోధకులు రెండు దారులు చూస్తున్నారు. ఒకే పోగులో ఒకదానికి బదులు నాలుగో, పందొమ్మిదో వెలుగు దారులు పెట్టడం ఒకటి, పనసకాయలో తొనల్లాగా. రెండోది ఇంకా విచిత్రం: గాజు నడుమ గాజే లేకుండా, బోలుగా, గాలి వుంచడం! 2025లో ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ఇలాంటి బోలు పోగులో కిలోమీటరుకు నూటికి రెండు పాళ్ళు వెలుగే పోతున్నదని ప్రకటించారు. మంచి గాజు కూడా దశాబ్దాల తరబడి దాటలేని గీత అది.

మరో హద్దు వుంది, దాన్ని ఎవరూ జరపలేరు. అది వెలుగు నడక. గాజులో వెలుగు సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. అమెరికాలో వున్న అమ్మాయితో మాట్లాడుతున్నామనుకోండి. తీగ దారి పదిహేను వేల కిలోమీటర్లయితే మన మాట పోయి ఆమె మాట రావడానికి సెకనులో ఆరో వంతో ఏడో వంతో పడుతుంది. ఎంత డబ్బు కట్టినా, ఏ ప్లాను తీసుకున్నా ఇది తగ్గదు. బోలు పోగులో గాలి గుండా పోతే కొంత తగ్గుతుంది, సున్నా మాత్రం కాదు. రోడ్డు వెడల్పు పెంచవచ్చు గాని నూజివీడును విజయవాడ పక్కకు జరపలేం కదా!

"అంతా గాలిలోనే" అన్న మాట కూడా తేల్చుకుందాం. సెల్‌ఫోనులో మన మాట గాలిలో పోయేది చాలా చోట్ల దగ్గరి టవరు దాకానే. అక్కడినుంచి మళ్ళీ గాజు తీగే దిక్కు. సముద్రాలు దాటేది కూడా దాదాపు అంతా తీగ మీదే. 2008 జనవరి చివర ఈజిప్టు దగ్గర సముద్రంలో రెండు కేబుళ్ళు తెగితే మన దేశంలో ఇంటర్నెట్ నడక బాగా మందగించింది. 2025 అక్టోబరులో గూగుల్ వారు విశాఖపట్నంలో 1,500 కోట్ల డాలర్లతో భారీ కేంద్రం పెడతామని ప్రకటించినప్పుడు, సముద్రపు కేబుళ్ళను అక్కడ ఒడ్డుకు తేవడం కూడా అందులో భాగమే. కాబట్టి గాలీ తీగా తోడికోడళ్ళు కావు పోటీ పడడానికి. ఒకే ఇంటి అత్తాకోడళ్ళు. ఒకరు లేనిదే ఒకరికి జరగదు.

ఇంతవరకూ శాస్త్రం పెట్టిన హద్దులు చెప్పుకున్నాం. వాటిని మనం ఇంకా కనుచూపు మేరలో కూడా చేరలేదు. మరి మన ఊళ్ళల్లో తీగ ఎందుకు ఆగుతుంది? ఇక్కడ వుంది అసలు విషయం.

2011లో కేంద్ర ప్రభుత్వం దేశంలోని రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు గాజు తీగ వేయాలని సంకల్పించింది. తరువాత దానికి భారత్‌నెట్ అని పేరు పెట్టారు. మన రాష్ట్రం ఒక ఉపాయం ఆలోచించింది. భూమి తవ్వి తీగ పాతడం ఖర్చుతో, కాలంతో కూడిన పని. కరెంటు స్తంభాలు ఊరూరా వున్నాయి కదా, వాటి మీదనే వేద్దామన్నారు. అలా దాదాపు 24,000 కిలోమీటర్ల గాజు తీగ స్తంభాల మీద పాకింది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్‌ను ప్రారంభించారు. ఇంటర్నెట్, టీవీ, టెలిఫోను మూడూ కలిపి నెలకు 149 రూపాయలకు, 15 మెగాబిట్ల వేగంతో ఇస్తామన్నది ఆనాటి పథకం.

ఉపాయం మంచిదే. కాని స్తంభం మీది తీగకు స్తంభం కష్టాలన్నీ వుంటాయి. మామిడికాయ కోతకొచ్చే వేళకే మన వైపు ఈదురుగాలులు లేస్తాయి. కొమ్మ విరిగి కాయతో పాటు తీగ మీదా పడుతుంది. ఉడతలు, ఎలుకలు తొడుగు కొరుకుతాయి. ఎత్తయిన లారీ తగిలితే తీగ తెగుతుంది. తెగిన గాజు రాగిలాగా మెలిపెట్టి అతకడానికి వీల్లేదు. రెండు కొసలూ నున్నగా కోసి, ప్రత్యేకమైన యంత్రంతో కరిగించి కలపాలి. ఆ యంత్రం, దాన్ని వాడగలిగిన మనిషి ఎంత దగ్గరలో వున్నారన్న దాన్ని బట్టి ఆ ఊరి ఇంటర్నెట్ గంటలో వస్తుందా, వారానికి వస్తుందా అన్నది వుంటుంది. నాలుగు వందల టెరాబిట్ల గాజు కూడా తెగిపడి వుంటే సున్నాయే కదా!

నూజివీడునే చూడండి. 2022 ఏప్రిల్‌లో కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి మారిన మా ఊళ్ళో 2008లో ట్రిపుల్ ఐటీ పెట్టారు. పల్లెటూళ్ళలో పదో తరగతి చదివిన పిల్లలు, వారిలో ఆడపిల్లలు ఎందరో, ఆరేళ్ళ ఇంజనీరింగు చదువుకు అక్కడికి వస్తారు. లాప్‌టాప్‌లు, క్యాంపస్ అంతా తీగలతో కలిపిన వల మీద పాఠాలు - అప్పటికి అదొక కొత్త పద్ధతి. ఆ ప్రాంగణం గోడ దాటి నాలుగు మైళ్ళు పోతే మామిడితోటలు, తోటల మధ్య ఊళ్ళు. 2020లో కరోనా వచ్చి హాస్టళ్ళు మూసి పిల్లల్ని ఇళ్ళకు పంపినప్పుడు పాఠాలన్నీ ఫోన్లలోకి వచ్చాయి. సిగ్నల్ కోసం మేడలెక్కినవారూ, ఊరి చివర గట్టు మీద కూర్చున్నవారూ ఆ రోజుల్లో ఎన్ని ఊళ్ళల్లో లేరు? ఇంట్లో ఒక్కటే ఫోను వుంటే అది ముందు అన్నయ్య చేతికే వెళ్ళేది. ఆడపిల్ల పాఠం వంట అయ్యాక. తీగకు అసలు హద్దు అక్కడ పడింది, గాజులో కాదు.

రైతు ఇంటికీ అంతే. బంగినపల్లి నేడు కోయాలా, రెండు రోజులాగాలా అన్నది నున్న మార్కెట్లో ధర తెలిస్తే గాని తేలదు. కోసిన కాయ ఆగదు, మగ్గిపోతుంది. దళారి చెప్పిన ధర ఒకటే తెలిసిన ఇంటికీ, నాలుగు మార్కెట్ల ధరా చూసుకుని, కాయ ఫొటో దూరపు వ్యాపారికి పంపి బేరమాడగల ఇంటికీ ఎంత తేడా! దానికి వేల మెగాబిట్లు అక్కరలేదు. కోత రోజుల్లో తెగకుండా వుండే చిన్న తీగ చాలు.

కాబట్టి అక్కయ్యలూ, పట్నంలో వున్న మనం మన తీగను తెలివిగా వాడుకోవడం నేర్చుకుందాం. కొన్ని సంగతులు చెపుతాను, గుర్తుంచుకోండి.

సాయంత్రం ఏడు దాటాక నెమ్మదిస్తే ఆశ్చర్యపోకండి. వీధిలోకి వచ్చిన ఒక్క పోగును చిన్న గాజు పరికరంతో 32 ఇళ్ళకో 64 ఇళ్ళకో పంచుతారు. చాలా చోట్ల ఆ పోగు మొత్తం మీద వచ్చేది రెండున్నర గిగాబిట్లు. 64 ఇళ్ళవాళ్ళూ ఒక్కసారే గట్టిగా వాడితే ఇంటికి నలభై మెగాబిట్లు కూడా రావు. ఈ హద్దు మాత్రం గాజుది కాదు, రెండు చివర్లా వున్న పెట్టెలది. అదే గాజుకు పది గిగాబిట్ల పెట్టెలు వచ్చాయి, యాభై గిగాబిట్ల పెట్టెలకు 2021లోనే ప్రమాణం కుదిరింది. వీధి తవ్వనక్కరలేదు, పెట్టె మారిస్తే చాలు.

పెద్ద ప్లాను తీసుకునే ముందు మన ఇంటి అవసరం లెక్క వేసుకోండి. ఒకరు సినిమా, ఇద్దరు పాఠాలు, ఒకరు ఆఫీసు పని - అన్నీ కలిపినా ముప్ఫై నలభై మెగాబిట్లు దాటడం అరుదు. వేగం చాలడం లేదంటే ముందు తప్పు ఇంట్లో వెతకండి. వైఫై పెట్టెను ఇనపబీరువా వెనకా, ఫ్రిజ్ పక్కనా దాచితే వంటింటిదాకా ఏం వస్తుంది? ఇంటి మధ్యలో, కాస్త ఎత్తున పెట్టండి. టీవీ, పిల్లల కంప్యూటరు ఒకచోటే కదలకుండా వుండేవి కాబట్టి వాటికి ఆ జడ తీగ వేయించండి. గాలి మీద బరువు తగ్గుతుంది. గాజు తీగను మూల దగ్గర మడతపెట్టి మేకు కొట్టవద్దు, దాని మీద తడిబట్టలు వేయవద్దు. మరీ వంచితే వెలుగు బయటికి కారిపోతుంది. ఊడిన తీగ కొసలోకి కన్ను పెట్టి చూడనివ్వకండి, పిల్లల్ని అసలే చూడనివ్వకండి. అందులో వెలుగు కనపడదు గాని కంటికి హాని చేయగలదు. మరొకటి, పాత టెలిఫోనుకు కరెంటు ఎక్స్చేంజీ నుంచే వచ్చేది. కరెంటు పోయినా మోగేది. గాజు కరెంటు మోయలేదు. కరెంటు పోతే పెట్టె ఆరిపోతుంది. అత్యవసరానికి చిన్న బాటరీ ఒకటి పెట్టుకోవడం మంచిది.

ఇన్ని చెప్పాక మొదటి ప్రశ్నకు జవాబు తేలికే. తీగలో పట్టేదంతా పట్టేసిందన్న పక్కింటి పెద్దాయన మాటా నిజం కాదు, వేగం పెంచితే అన్నీ చక్కబడతాయన్న కంపెనీ కుర్రాడి మాటా నిజం కాదు. గాజుకు ఇంకా ఎంతో ఓపిక వుంది. హద్దులన్నీ దాన్ని ఇంటింటికీ చేర్చడంలో, తెగినప్పుడు అతకడంలో, చేరిన తరవాత ఇంట్లో ఎవరి చేతికి ముందు ఇస్తామన్న దానిలో వున్నాయి. మొదటి రెండూ ప్రభుత్వాలూ కంపెనీలూ చూడవలసినవి, మనం అడగవలసినవి. మూడోది మాత్రం మన గడప లోపలిదే. పరీక్షలున్న అమ్మాయి పాఠం వింటున్నంత సేపు టీవీ కట్టేసి, ఆ తీగ మొత్తం ఆమెకు వదిలేయడానికి ఏ జపాను పరిశోధనా అవసరం లేదు.